చెరువు మీటరు మీద పేరు

బడులు తెరిచిన రెండో వారంలో అనర్హుల జాబితా వచ్చింది. గ్రామ సచివాలయం వరండా గోడకు దాన్ని అంటించింది నేనే. రాజోలు వైపు కాలువ పక్కన ఉండే ఒక ఊళ్ళో అప్పటికి మూడేళ్ళుగా నేను సంక్షేమ, విద్యా సహాయకురాలిని. ఉద్యోగం పేరు పొడుగే గాని, ఊళ్ళో అందరికీ నేను వెల్ఫేర్ మేడమ్‌ని. బడికి వెళ్ళే పిల్లల్లో ఎవరిది పేద కుటుంబమో తేల్చడం నా పని అని అందరూ అనుకుంటారు. నిజానికి తేల్చేది కంప్యూటర్. భూమి ఎంతుంది, కారు ఉందా, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నాడా, ఆదాయప్పన్ను కడుతున్నారా, నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలుస్తున్నారు, ఇలా ఒక్కొక్క జల్లెడలో పోసి చూస్తుంది. ఏ ఒక్క దాంట్లో ఆగిపోయినా ఆ ఇంటి తల్లి ఖాతాలో పిల్ల చదువు డబ్బు పడదు. బియ్యం కార్డుకు కూడా ఎసరు వస్తుంది. మాకు మిగిలేది జాబితా అంటించడం, తిట్లు తినడం.

ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒకావిడ మాత్రం తిట్టలేదు. అందరూ అరిచి, అలిసి, వెళ్ళిపోయేదాకా వరండా చివర నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చెప్పులు గుమ్మం అవతలే విడిచి లోపలికొచ్చింది.

"నాకు చదవటం రాదండి. మా పాప చూసి చెప్పింది. మా పేరెందుకు పోయిందో చెప్తారా అండి" అంది.

ఆధార్ నంబరు కొట్టి చూశాను. కరెంటు దగ్గర ఎర్ర గుర్తు పడింది. యూనిట్ల సంఖ్య చూసి స్క్రీన్ తప్పేమోనని మూసి మళ్ళీ తెరిచాను. అది ఇల్లు కాల్చే కరెంటు కాదు. ఐసు ఫ్యాక్టరీ కాల్చేంత ఉంది.

"కరెంటు ఎక్కువ కాలుస్తున్నారని వచ్చిందమ్మా" అన్నాను.

"ఒక బల్బు, ఒక ఫ్యానుందండి. ఫ్యానుకి ఒక రెక్క ఊడిపోయింది కూడానండి. పోనీ రెండు రెక్కల లెక్కనైనా ఇయ్యమనండి" అంది. నవ్వించడానికి అనలేదు. ఆవిడ ముఖం చూసి నేనూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే మా సచివాలయంలోనే కరెంటు పనులు చూసే లైన్‌మన్‌ని వెంటబెట్టుకుని వాళ్ళుండే చోటికి వెళ్ళాను. నా చిన్నప్పుడు అదంతా వరి పొలం. ఇప్పుడు అన్నీ రొయ్యల చెరువులు. నీళ్ళలో ఏరేటర్లు చక్రాల్లా తిరుగుతూ నురగ కక్కుతున్నాయి. అవి ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్యలు చచ్చిపోతాయి, కాబట్టి ఆగవు. గట్టు మీద రేకుల షెడ్డు. ఆవిడ భర్త ఆ చెరువులకు కాపలా. మొగుడూ పెళ్ళాం, తొమ్మిదో తరగతి చదివే కూతురు, ముగ్గురూ ఆ షెడ్డులోనే ఉంటారు.

లైన్‌మన్ స్తంభం దగ్గర ఉన్న మీటరు నంబరు చదివాడు. నా చేతిలో కాగితం మీద నంబరు చూశాడు. రెండూ ఒకటే.

"ఇది చెరువు మీటరండి. పేరు మాత్రం ఈయనది" అన్నాడు, కాపలాదారు వైపు గడ్డంతో చూపిస్తూ.

షెడ్డుకు వేరే మీటరే లేదు. చెరువు లైన్లోంచి లాగిన తీగ మీద ఆ బల్బూ ఆ రెండు రెక్కల ఫ్యానూ నడుస్తున్నాయి.

కాపలాదారు పలచటి మనిషి, మాట కూడా పలచనే. మీటరు మీద పేరు ఎలా వచ్చిందని నేను అడిగితే చెప్పాడు. "బాబుగారు ఒకరోజు రాజోలు తీసుకెళ్ళేరండి. హోటల్లో పెసరట్టు పెట్టించేరండి. వేలు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేనండి."

"ఏం కాగితమో అడగలేదా?"

"అడిగితే బాగోదు కదండీ."

తిరిగి వస్తుంటే లైన్‌మన్ బండి ఆపి సంగతి విప్పి చెప్పాడు. చెరువులకు ఇచ్చే కరెంటు రాయితీ చిన్న రైతులకే. బాబుగారు అంటే ఆ చెరువుల ఆసామి, ఆయనకు చెరువులు ఎక్కువ. అందుకని ఒక్కో చెరువు మీటరు ఒక్కో పనివాడి పేరు మీద పెట్టించుకున్నాడు. ఆ మీటరు దేనికో కంప్యూటర్ చూడలేదు, ఎవరి పేరో చూసింది. "ఇలాంటివి ఈ చుట్టుపక్కల బోల్డున్నాయి మేడమ్. మీరు కొత్తగా కదపకండి" అన్నాడు. అతను మంచివాడే. భయపడ్డాడు, అంతే.

నాకూ భయం లేకపోలేదు. కాని ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మా అమ్మ గుర్తొచ్చింది.

నేను ఆరో తరగతిలో ఉండగా బీద పిల్లలకు ఉచితంగా నోటు పుస్తకాలొచ్చాయి. మా క్లాసు మాస్టారు, "బీదవాళ్ళు లేచి నిలబడండి, లెక్క రాసుకోవాలి" అన్నారు. మాది కూలి కుటుంబం. మా పేటలో చర్చి గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు. క్లాసులో నాకంటే బీదవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారంతే. అయినా నేను లేవలేదు. నా వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి నన్ను చూస్తోందని తెలుసు. పుస్తకాలు రాలేదు. ఇంటికెళ్ళి ఏడిస్తే అమ్మ తిట్టలేదు. మర్నాడు ఊడ్పులు మానుకుని నాతో బడికొచ్చింది. బురద ఎండిన కాళ్ళతో మాస్టారి బల్ల ముందు నిలబడింది.

"మా పిల్ల కూర్చున్నా బీదదేనండి. నిలబడ్డా బీదదేనండి. అందరి ముందూ నిలబెట్టకపోతే మీకు లెక్క తెలీదా అండి" అని అడిగింది. గొంతు పెంచలేదు. మాస్టారు తలొంచుకుని నా పేరు రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎవర్నీ నిలబెట్టలేదు. ఒక్కొక్కరినీ బయటికి పిలిచి అడిగేవారు.

ఆ అమ్మ కూతురు ఇప్పుడు లెక్క రాసేచోట కూర్చుంది. "విచారణ జరిపితిని, అనర్హులే" అని ఒక బటన్ నొక్కితే నా పని అయిపోతుంది. మా పై అధికారి, వయసులో పెద్దాయన, ఆ సలహాయే ఇచ్చారు. "వాళ్ళకి అన్యాయమే జరిగిందమ్మా, నేను కాదన్ను. కాని నువ్వు రాస్తే అది కరెంటువాళ్ళ మీదకి వెళ్తుంది, అక్కణ్ణుంచి ఆసామి మీదకి వెళ్తుంది, అక్కణ్ణుంచి తిరిగి నీ మీదకే వస్తుంది" అన్నారు.

"రానివ్వండి సార్" అన్నాను. చూసింది చూసినట్టు రాశాను. మీటరు చెరువుదని, పేరు కాపలాదారుదని, వాడకం ఇంటిది కాదని. స్తంభం, మీటరు, షెడ్డు, లోపల ఆ ఫ్యాను, నాలుగు ఫొటోలూ జతపరిచి పైకి పంపాను.

నాలుగు రోజులు తిరక్కుండా ఆసామి సచివాలయానికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. వస్తూ మా అందరికీ కొబ్బరి బొండాలు పంపించాడు. ఆయన మీద నాకు అప్పటిదాకా చెడ్డ అభిప్రాయమేమీ లేదు. హైస్కూల్లో మధ్యాహ్న భోజనానికి స్టీలు కంచాలు కొనిచ్చింది ఆయనే. ప్రతి కంచం మీదా వాళ్ళ నాన్నగారి పేరు చెక్కించాడు.

"మేడమ్ గారు, పొరపాటు ఎక్కడో జరిగింది, ఒప్పుకుంటానండి. ఆవిణ్ణి పిలిపించండి. మీ ముందే తేల్చేద్దాం" అన్నాడు.

ఆవిడ వచ్చింది. వెనకే భర్త కూడా వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆసామి ఆవిడతో చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"పాప చదువుకి ఏటా ఆ డబ్బేదో నేనిచ్చేస్తానమ్మా. ఒక్క ఏడాది కూడా ఆపను. నీకు డబ్బు అందితే చాలు కదా, ఎక్కణ్ణుంచి వస్తే ఏంటి చెప్పు."

గుమ్మంలోంచి భర్త, "ఆయ్, అలాగేనండి బాబుగారు" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది.

"మీరిస్తే నేను మీకు దండం పెట్టాలండి" అంది. "అది బడి తరపున వస్తే ఎవరికీ పెట్టక్కర్లేదండి. మా పాపకి అదే కావాలండి."

"దండం పెట్టమని నేనడిగానా?"

"మీరు అడగరండి. మేమే పెట్టాలండి. పదకొండేళ్ళుగా పెడతానే ఉన్నామండి."

ఆసామి లేచాడు. నా వైపు తిరిగి, "చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నారు మేడమ్ గారు. మీరు ఉద్యోగంలో ఇంకా చాలా దూరం వెళ్ళాల్సినవాళ్ళు" అని, నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. ఆయన పంపిన బొండాం నా బల్ల మీద అలాగే ఉండిపోయింది. సాయంత్రం దాన్ని స్వీపరమ్మ పట్టుకెళ్ళింది.

ఆ వారంలోనే హైస్కూలు నుంచి కబురొచ్చింది. వారానికోసారి నేను వెళ్ళి పిల్లల భోజనం చూసి ఫొటో తీసి పంపాలి. ఈసారి హెడ్మాస్టారు ముందే పిలిచారు. కాపలాదారు కూతురు బడి కంచంలో తినటం మానేసిందట. ఇంటి నుంచి సొట్టలు పడ్డ సత్తు కంచం తెచ్చుకుంటోందట.

"దాతలు చూస్తే బాగోదమ్మా. మీరు చెప్తే వింటుందని" అన్నారాయన.

పిల్ల వరండాలో వరస చివర కూర్చుని పప్పన్నం కలుపుకుంటోంది. పొడుగ్గా, నల్లగా, తల్లి ముక్కే. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను.

"బడి కంచంలో ఎందుకు తినటం లేదమ్మా?"

"అన్నం గవర్నమెంటుదండి. కంచం ఆయనదండి" అంది. "అన్నం తింటున్నాను కదండీ."

"ఇంట్లో అమ్మ చెప్పిందా?"

"లేదండి. అమ్మకి తెలీదండి. తెలిస్తే పళ్ళెం బయటికి తెచ్చేనని కొడుతుందండి."

నేను లేచి హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళాను. పిల్లలు శుభ్రమైన కంచంలో తింటున్నారా లేదా చూడటమే నా పని అని, అది శుభ్రంగానే ఉందని చెప్పాను. ఆ రోజు ఫొటోలో సత్తు కంచం కూడా పడింది. పంపేశాను. పై వారం వెళ్ళేసరికి ఇంకో ముగ్గురు ఆడపిల్లలు ఇంటి కంచాలు తెచ్చుకున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేకపోయారు.

నేను రాసిన విచారణ మాత్రం ఎక్కడో ఆగిపోయింది. రెండు వారాలు చూశాం. చివరికి ఒక సోమవారం నేను సెలవు పెట్టాను. అమలాపురంలో జిల్లా కార్యాలయంలో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆవిడా నేనూ తాటిపాకలో బస్సెక్కాం. నగరం అనే ఊరు దాటాక ఆవిడ మొదటిసారి నోరు విప్పింది.

"మా ఆయన రానన్నాడండి. నువ్వు వెళ్తే తిరిగి షెడ్డుకి రావద్దన్నాడండి" అంది.

"మరి ఏం చేస్తారు?"

"షెడ్డు ఆయనది కూడా కాదు కదండీ" అంది. మళ్ళీ తనే, "మా ఆయన చెడ్డవాడు కాదండి. ఒక్క దెబ్బ కొట్టలేదు ఎప్పుడూ. బాబుగారంటే భయం. వాళ్ళ నాన్నకీ అదే భయం, బాబుగారి దగ్గరే పని చేస్తా చచ్చిపోయేడండి" అంది.

గోదావరి పాయ వైనతేయ మీద వంతెన దాటుతుంటే కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

అర్జీ నేనే రాశాను. ఆవిడ వేలిముద్ర వేసే ముందు, "ఇందులో ఏం రాసేరో ఒకసారి చదవండి మేడమ్" అంది. మొత్తం చదివాను. "ఇంకోసారి చదవండి" అంది. మళ్ళీ చదివాను. అప్పుడు వేసింది. వరసలో రెండు గంటలు నిలబడ్డాక మా వంతు వచ్చింది. బల్ల వెనక కూర్చున్న అధికారి, నా కంటే చిన్నదిలా కనిపించే అమ్మాయి, కాగితం పూర్తిగా చదివి పది రోజుల్లో తనిఖీ చేయించమని రాసింది. ఆవిడతో "మీరు కూర్చోండి" అంది. ఆవిడకు కూర్చోవడం తెలియలేదు. కుర్చీ అంచున కొంచెం ఆనింది.

తొమ్మిదో రోజు కరెంటు శాఖ నుంచి ఒక ఇంజనీరుగారు వచ్చారు. గట్టు మీద నేనూ, లైన్‌మనూ, ఆసామి తాలూకు మేనేజరూ, కాపలాదారూ ఉన్నాం. ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడింది. భర్త షెడ్డుకి రావద్దన్న మాట ఉత్తదే. ఆ రోజు అమలాపురం నుంచి వెళ్ళేసరికి అన్నం వండి పెట్టాడట గాని, అప్పట్నుంచి భార్యతో మాట్లాడటం లేదు.

మేనేజరు ముందే కాగితాలు సిద్ధం చేసుకొచ్చాడు. ఆ చెరువు కాపలాదారు కౌలుకి తీసుకున్నాడని, చెరువూ రొయ్యలూ కరెంటూ అన్నీ అతనివేనని ఒక కౌలు పత్రం. కింద వేలిముద్ర. వేలిముద్ర నిజమైనదే అయ్యుంటుందని నాకు తెలుసు.

ఇంజనీరుగారు కాగితం తిప్పి కాపలాదారుకి చూపించారు. "ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదేనండి."

"అయితే ఈ చెరువు నీదేనా?"

కాపలాదారు కాగితం వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూశాడు. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. మేనేజరు చిన్నగా దగ్గాడు. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు, ఒక్క మాట సాయం రాలేదు.

"చెరువు నాదైతే రొయ్యలు నావే కదండీ" అన్నాడు చివరికి. "పదకొండేళ్ళు కాపలా కాసేనండి. మా పిల్ల ఒక్కసారి రొయ్యల కూర అడిగితే పెట్టలేదండి, బాబుగారివని. నాది కాదండి. వేలు నాదండి. చెరువు నాది కాదండి."

"ఏరా, తెలిసే మాట్లాడుతున్నావా" అన్నాడు మేనేజరు.

"ఆయ్. తెలిసే మాట్లాడుతున్నానండి" అన్నాడు.

ఇంజనీరుగారు ఆ మాటలు అతని చేతే మళ్ళీ చెప్పించి రాసుకున్నారు. చదివి వినిపించారు. అతను భార్యకేసి చూశాడు. ఆవిడ తలూపింది. అప్పుడు వేలు పెట్టాడు. ఏం కాగితమో తెలుసుకుని అతను వేలు పెట్టడం అదే మొదటిసారి కావచ్చు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా షెడ్డు ఖాళీ చెయ్యమని చెప్పారు. ముందే అనుకున్నారు కాబట్టి సామాను మూటలు కట్టే ఉంది. లైన్‌మన్ తన బావమరిది ట్రాలీ ఆటో తీసుకొచ్చాడు. కదపకండి అన్న మనిషే మంచం ఒక కొస పట్టుకుని ఎక్కించాడు. ఆవిడ అక్కగారింట్లో ఒక గది ఇచ్చారు. కాపలాదారు అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పనికి కుదిరాడు. మొదటి నెల అరచేతులు పుళ్ళు పడ్డాయని, కాని సాయంత్రం పని అయ్యాక ఎవరూ పిలవరని చెప్పాడు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు అతని ముఖం నేనెప్పుడూ చూడని ముఖం.

వాళ్ళ పేరు మీంచి మీటరు పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అనుబంధ జాబితాలో ఆవిడ పేరు అర్హుల్లోకి వచ్చింది. నేను ఆ జాబితా గోడకు అంటించకముందే ఫోన్ చేసి చెప్పాను. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన రోజు ఆవిడ మిఠాయేమీ తేలేదు, దండం పెట్టలేదు. "వచ్చిందండి" అంది. "మంచిది" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

ఆసామి మీద ఏం చర్య తీసుకున్నారో నాకు తెలియదు. ఏదో జరిమానా అన్నారు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది, ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. కాని ఆ దసరాలోపు మరో నలుగురు సచివాలయానికి వచ్చారు. ఇద్దరు కాపలాదార్లు, రొయ్యలకు మేత వేసే ఒక కూలి, భర్త గల్ఫులో ఉన్న ఒక చిన్న వయసు ఇల్లాలు. నలుగురూ ఒకటే అడిగారు. "మా పేరు మీద ఏమేం ఉన్నాయో చూసి చెప్తారా అండి." చూశాను. నలుగురి పేర్ల మీదా మీటర్లున్నాయి. మూడు విచారణలు రాసి పంపాను.

నాలుగోది రాసేలోగా నాకు బదిలీ వచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసం అని కాగితంలో ఉంది. మా పై అధికారి కవరు అందిస్తూ, "నేను చెప్పలేదామ్మా" అన్నారు. "చెప్పేరండి, మీరు చెప్పినట్టే వచ్చింది" అన్నాను. ఆయన పాపం బాధపడ్డారు. బాధపడాల్సినంత ఏమీ లేదని చెప్పాను. కొత్త ఊరు మా ఇంటికి దూరం, రెండు బస్సులు మారాలి. అంతకుమించి నాకు పోయిందేమీ లేదు.

ఇక్కడా చెరువులున్నాయి. చేరిన మొదటి రోజే ఇక్కడి లైన్‌మన్‌ని పిలిచి, చెరువు మీటర్లు ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో రాసి తెమ్మన్నాను.

"ఎందుకు మేడమ్?" అన్నాడు.

"బడి పిల్లల లెక్కకి" అన్నాను.

అతను సరేనండి అని వెళ్ళాడు. రెండో రోజు సాయంత్రానికి మూడు పేజీలు తెచ్చిచ్చాడు.